లోతు సముద్రపు కింగ్ క్రాబ్‌ల సంతానోత్పత్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాబ్ ట్రేలో పొలం ఎండ్రకాయను కోసి చూసిన జువాలజీ విద్యార్థులు, కోస్తాలో మడ పీతల చెరువులు నడిపి ఇప్పుడు హైదరాబాద్‌లో ఎగుమతి ఆఫీసులు పెట్టుకున్నవాళ్లు, సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో కింగ్ క్రాబ్ కాళ్లు చూసి ఆరా తీసేవాళ్లు: ఎక్కువగా వీళ్ల దగ్గర్నుంచి వచ్చే ప్రశ్నలివి. ఈ జీవి పిల్లల్ని కనే తీరు చాలా నెమ్మది. ఆ నెమ్మది ఎక్కడ మొదలవుతుందో పట్టుకుంటే వేట నియమాలు, పెంపకంలో ఇబ్బందులు, చివరికి ధర కూడా అర్థమవుతాయి.

లోతు నీటి కింగ్ క్రాబ్ అంటే ఏ జాతులు?

కింగ్ క్రాబ్‌లన్నీ లిథోడిడే కుటుంబానివి. అందరికీ తెలిసిన ఎర్ర కింగ్ క్రాబ్ (పారాలిథోడెస్ కామ్‌చాటికస్) ఎక్కువగా 200 మీటర్ల లోపే ఉంటుంది, వసంతంలో జత కోసం తీరం దగ్గరి నీళ్లకు వస్తుంది. లోతు జాతుల్లో వ్యాపారపరంగా ముఖ్యమైనది బంగారు కింగ్ క్రాబ్ (లిథోడెస్ ఈక్విస్పైనస్). అలూషియన్ దీవులు, బేరింగ్ సముద్రం, ఒఖోట్స్క్ సముద్రం, జపాన్ వైపు నిటారు వాలుల్లో, సాధారణంగా 200 మీటర్లు దాటిన చోట దొరుకుతుంది. ఇంకా లోతున స్కార్లెట్ కింగ్ క్రాబ్ (లిథోడెస్ కూయెసి) ఉంటుంది. దక్షిణార్ధగోళంలో సౌత్ జార్జియా చుట్టూ పారలోమిస్ స్పైనోసిస్సిమా ఉంది. దక్షిణ అమెరికా కొసన బీగిల్ జలసంధిలో దొరికే లిథోడెస్ శాంటోలా, పారలోమిస్ గ్రాన్యులోసా అంత లోతున లేకపోయినా, సంతానోత్పత్తిలో లోతు జాతుల బాటలోనే నడుస్తాయి. అందుకే వాటినీ ఇక్కడ కలిపి చెబుతున్నాం.

మన సముద్రంలో లేవా అంటే ఉన్నాయి. బ్రిటిష్ కాలపు సర్వే ఓడ ఇన్వెస్టిగేటర్ లోతుల నుంచి తీసిన నమూనాలకు ఆల్కాక్, ఆండర్సన్ అనే జంతు శాస్త్రజ్ఞులు 1899లో పారలోమిస్ ఇండికా అని పేరు పెట్టారు.

మన ఎండ్రకాయకూ దీనికీ చుట్టరికం ఉందా?

దూరపు చుట్టరికమే. పొలం ఎండ్రకాయ, మడ పీత, నీలి పీత నిజమైన పీతలు, అంటే బ్రాకియూరా. కింగ్ క్రాబ్ అనోమ్యూరాకు చెందినది, దాని పూర్వీకులు శంఖాల్లో కాపురం ఉండే హెర్మిట్ పీతలు. శంఖం వదిలేసినా ఆ వంకర ఒంట్లో మిగిలిపోయింది. ఆడ కింగ్ క్రాబ్ ఉదరం కుడి ఎడమలు సమానంగా ఉండదు, ఎడమ వైపు పలకలు పెద్దవి. గుడ్లు మోసే ప్లియోపాడ్లు (ఉదరం కింది చిన్న కాళ్లు) మొదటి ఉదర ఖండం మీద జతగా ఉంటాయి, రెండు నుంచి ఐదు ఖండాల మీద ఎడమ వైపే ఉంటాయి.

కాళ్లు లెక్కపెట్టినా తేడా తెలుస్తుంది. మడ పీతకు డెక్కలతో కలిపి పది కాళ్లు కనిపిస్తాయి. కింగ్ క్రాబ్‌కు ఎనిమిదే కనిపిస్తాయి. ఐదో జత చాలా చిన్నది, మొప్పల గదిలో ముడుచుకుని ఉంటుంది. మొప్పల్ని శుభ్రం చేయడం దాని రోజువారీ పని. సంతానోత్పత్తిలో దాని పాత్ర అంతకన్నా పెద్దది, అది జత కట్టే ప్రశ్న దగ్గర చెబుతాం.

ఆడా మగా ఎలా గుర్తించాలి?

వెల్లకిలా తిప్పండి. ఉదర పలక సన్నగా, త్రికోణంగా, రెండు వైపులా సమానంగా ఉంటే మగ. వెడల్పుగా, గుండ్రంగా, ఒక పక్కకి ఒరిగినట్టుంటే ఆడ. పలక ఎత్తి చూస్తే ఆడదానికి వెంట్రుకలున్న ప్లియోపాడ్లు కనిపిస్తాయి, మగదానికి అవి ఉండవు. జననరంధ్రాలు కూడా చూడాలంటే, డెక్కల జతను ఒకటిగా లెక్కపెట్టి మూడో జత కాళ్ల మొదట్లో ఆడవాటికి, ఐదో జత కాళ్ల మొదట్లో మగవాటికి ఉంటాయి.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఎండ్రకాయలో మగదాని ఉదరం కింద రెండు జతల గోనోపాడ్లు చూసి ఉంటారు కాబట్టి కింగ్ క్రాబ్‌లోనూ వెతుకుతారు. దీనికి గోనోపాడ్లు లేవు. శుక్రకణాల్ని ఆడదాని ఒంట్లోకి చేర్చే సాధనమే దీనికి లేదు.

మరి జత ఎలా కడతాయి?

ఆడది కుబుసం విడిస్తేనే జత. ఈ ఒక్క షరతు చుట్టూ మిగతాదంతా తిరుగుతుంది.

కుబుసం విడిచే సమయం దగ్గరపడిన ఆడదాన్ని మగది వాసనతో పసిగడుతుంది. ఎదురెదురుగా నిలబడి తన డెక్కలతో ఆమె డెక్కల్ని పట్టుకుంటుంది. ఈ పట్టు గంటల్లో అయిపోదు, రోజుల తరబడి సాగుతుంది. ఆ రోజుల్లో ఇతర మగవాటిని దగ్గరికి రానివ్వదు. ఆడది పాత పెంకు వదిలేటప్పుడు మగది పట్టుకుని సాయపడుతుంది. బయటికొచ్చిన ఆడది మెత్తగా, నిస్సహాయంగా ఉంటుంది. మగది ఆమెను తిరిగి పట్టుకుని, ఆ దాచుకున్న ఐదో జత కాళ్లను బయటికి తీసి, వాటితో శుక్రగుళికల పట్టీలను ఆమె జననరంధ్రాల చుట్టూ పూస్తుంది. ఆ తర్వాత ఆడది గుడ్లు విడుస్తుంది. గుడ్లు ఆ పట్టీల మీదుగా ఉదర పలక కిందికి చేరుతూ ఒంటి బయటే ఫలదీకరణ చెందుతాయి, ప్లియోపాడ్ల వెంట్రుకలకు అంటుకుంటాయి. శుక్రకణాలకు తోక లేదు, ఈదలేవు. గుడ్డు శుక్రకణం ఉన్న చోటుకే రావాలి. పట్టీ సరిగ్గా రంధ్రాల దగ్గర పడకపోతే పొదుగులో, అంటే ఆ విడత పెట్టిన గుడ్లలో, కొంత భాగం వృథా అవుతుంది.

ఇందులో ఎక్కడెక్కడ తేడా వస్తుందో చూడండి. మగది అప్పుడే తాను కుబుసం విడిచి ఉంటే దాని పెంకు ఇంకా గట్టిపడి ఉండదు, పట్టు నిలవదు. మగది ఆడదానికన్నా బాగా చిన్నదైతే ఆమెను తిప్పి పట్టుకోలేదు. ఆడది కుబుసం విడిచాక రోజులు గడిచేకొద్దీ ఫలదీకరణ అవకాశం పడిపోతుంది. జత అసలే దొరక్కపోతే గుడ్లు బయటికే రాకపోవచ్చు, వచ్చినా కొన్నాళ్లకు రాలిపోతాయి.

ఆడది శుక్రకణాల్ని దాచుకోలేదా? మడ పీత దాచుకుంటుంది కదా?

దాచుకోలేదు. మడ పీతకు శుక్రకోశం ఉంటుంది. ఒక్కసారి జత కట్టి, ఆ నిల్వతో రెండు మూడు సార్లు గుడ్లు పెట్టగలదు. అందుకే హేచరీలో మగది లేకుండానే తల్లి పీతను తెచ్చి పని నడిపిస్తారు. కింగ్ క్రాబ్‌కు ఆ కోశం లేదు. ప్రతి పొదుగుకూ కొత్తగా కుబుసం, కొత్తగా మగది కావాలి. పెద్ద మగవాటిని ఎక్కువగా పట్టేస్తే వచ్చే నష్టం మడ పీతల కన్నా కింగ్ క్రాబ్‌లలో తొందరగా కనిపించే ప్రమాదం ఇందుకే ఉంది. ఒక మగది ఒకే కాలంలో పలు ఆడవాటితో జత కట్టగలదు, కానీ వరసగా కట్టేకొద్దీ శుక్రం తగ్గిపోయి తర్వాతి పొదుగులు నిండవు.

ఒక ఆడది ఎన్ని గుడ్లు పెడుతుంది?

ఎర్ర కింగ్ క్రాబ్ గుడ్డు సుమారు 1 మిల్లీమీటరు, సంఖ్య తల్లి పరిమాణాన్ని బట్టి 50 వేల నుంచి కొన్ని లక్షల దాకా. బంగారు కింగ్ క్రాబ్ గుడ్డు 2 మిల్లీమీటర్లు దాటుతుంది, సంఖ్య సుమారు 10 వేల నుంచి 30 వేలు. స్కార్లెట్ కింగ్ క్రాబ్‌లో కొన్ని వేలే. పారలోమిస్ జాతుల్లో కూడా లెక్క వేలల్లోనే ఉంటుంది, చిన్న తల్లుల్లో వందల్లో కూడా.

వ్యాసం 1 నుంచి 2.3 మిల్లీమీటర్లకు పెరిగితే ఘనపరిమాణం పన్నెండింతలవుతుంది. బంగారు కింగ్ క్రాబ్ తక్కువ గుడ్లు పెడుతోందంటే తక్కువ ఖర్చు పెడుతోందని కాదు. అదే పెట్టుబడిని తక్కువ మందికి పంచుతోంది.

అంత పెద్ద గుడ్లు ఎందుకు?

లోతులో పుట్టిన డింభకానికి (గుడ్డులోంచి వచ్చిన లార్వాకు) తిండి ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం కాబట్టి.

ఎర్ర కింగ్ క్రాబ్ డింభకాలు వసంతంలో, పైనీళ్లలో సూక్ష్మ శైవలాలు విరివిగా పెరిగే రోజులకు సరిపడేలా పొదుగుతాయి. డింభకం నీళ్లలో ఈదే నాలుగు జోయియా దశలు, ఆ తర్వాత పీతగా మారే ముందు వచ్చే గ్లాకోథో దశ, ఆపై బుల్లి పీత. జోయియాలు తినాలి, పుట్టిన మొదటి కొన్ని రోజుల్లోనే తిండి దొరక్కపోతే తర్వాత దొరికినా కోలుకోలేవు. వందల మీటర్ల లోతున పుట్టిన డింభకం ఆ పైనీళ్ల దాకా ఈదాలి, సరైన నెలలో చేరాలి, మళ్లీ సరైన చోట దిగాలి. బంగారు కింగ్ క్రాబ్ ఈ మూడింటినీ తప్పించుకుంది. దాని డింభకాలకు తల్లి ఇచ్చిన సొనే ఆహారం. ప్రయోగశాలలో వాటికి ఏ మేతా వేయకుండానే జోయియా దశలు దాటి, గ్లాకోథోగా మారి, మొదటి పీత దశకు చేరాయి. లిథోడెస్ శాంటోలాలో జోయియా దశలు మూడు, పారలోమిస్ గ్రాన్యులోసాలో రెండే. ఈ రెండూ కూడా సొన మీదే బతుకుతాయి.

పొలం ఎండ్రకాయ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తెలంగాణ చెరువుగట్ల ఎండ్రకాయకు ఈదే డింభకమే లేదు. పెద్ద గుడ్లు కొన్ని వందలు పెడుతుంది, అందులోంచి నేరుగా బుల్లి ఎండ్రకాయలే వస్తాయి, కొన్నాళ్లు తల్లి ఉదరం కిందే ఉంటాయి. మంచినీళ్లలో ఉన్న జీవీ చలి లోతుల్లో ఉన్న జీవీ వేర్వేరు ఒత్తిళ్లతో ఒకే వైపు జరిగాయి. కింగ్ క్రాబ్ మాత్రం డింభక దశను పూర్తిగా వదులుకోలేదు.

గుడ్లు ఎంతకాలం మోస్తుంది? సీజన్ ఎప్పుడు?

ఎర్ర కింగ్ క్రాబ్ 11, 12 నెలలు మోసి, పొదిగాక వెంటనే కుబుసం విడిచి మళ్లీ జత కడుతుంది. ఏటా ఒక పొదుగు. బంగారు కింగ్ క్రాబ్ కూడా దాదాపు ఏడాది మోస్తుంది, కానీ పొదిగాక కొన్ని నెలలు ఖాళీగా ఉంటుంది. పెద్ద సొన ఉన్న గుడ్లను అండాశయంలో మళ్లీ నింపుకోవడానికి ఆ కాలం కావాలి. రెండు పొదుగుల మధ్య మొత్తం 20 నెలల దాకా పడుతుంది. పారలోమిస్ గ్రాన్యులోసా దాదాపు రెండేళ్లు మోస్తుంది.

సీజన్ సంగతి: బంగారు కింగ్ క్రాబ్‌కు సీజన్ లేదు. ఏ నెలలో బోను తీసినా కొత్త గుడ్లున్నవి, కళ్లు కనిపించే గుడ్లున్నవి, ఖాళీవి కలిసే వస్తాయి. డింభకం తిండి కోసం వసంతాన్ని పట్టుకోనక్కర్లేదు కాబట్టి తల్లులు ఒకే క్యాలెండర్‌కు కట్టుబడలేదు. ఒకే తల్లి గుడ్లు కూడా ఒక్క రాత్రిలో పొదగవు. లిథోడెస్ శాంటోలా, పారలోమిస్ గ్రాన్యులోసాలలో ఒక పొదుగు రెండు నెలల దాకా కొద్దికొద్దిగా విడుదలవుతుంది. ట్యాంకులో చూసేవాళ్లు మొదటి వారం డింభకాలు తీసి పని అయిపోయిందనుకుంటే సగానికి పైగా పోగొట్టుకుంటారు.

గుడ్ల దశ ఎలా చదవాలి?

ఉదర పలక తెరిచి నాలుగింటిలో ఏదో రాసుకోండి. ఒకటి, కళ్లు లేని గుడ్లు: సొన నిండుగా, ఒకే రంగులో. రెండు, కళ్లున్న గుడ్లు: ముదురు చుక్కలు కనిపిస్తాయి, భూతద్దం పెడితే రెండు కళ్లు స్పష్టం. మూడు, ఖాళీ గుడ్డు పెంకులు, చిక్కుపడ్డ వెంట్రుకలు: ఈ మధ్యే పొదిగింది. నాలుగు, శుభ్రమైన వెంట్రుకలు, గుడ్లు లేవు: ఇంకా పక్వం కాలేదు, లేదా జత దొరకలేదు. మూడుకీ నాలుగుకీ తేడా రాయకపోతే రికార్డు పనికిరాదు. మూడో రకం ఆరోగ్యంగా ఉన్న తల్లి, విశ్రాంతిలో ఉంది. దాన్ని గొడ్డుగా లెక్కేస్తే బంగారు కింగ్ క్రాబ్ గుంపు మొత్తం జబ్బున పడ్డట్టు కనిపిస్తుంది. పక్కనే పొదుగు ఎంత నిండిందో, పావు, సగం, ముప్పావు, పూర్తి అని రాయండి.

గుడ్లను లెక్కించే పద్ధతి?

ఒక్కొక్కటీ లెక్కపెట్టరు, బరువుతో లెక్కిస్తారు. ముందు చిప్ప పొడవు కొలవండి: కుడి కంటి గుంట వెనక అంచు నుంచి చిప్ప వెనక అంచు మధ్య దాకా. ముళ్లు కలపకూడదు. ముల్లు విరిగిన పీతకూ విరగని పీతకూ కొలత ఒకేలా రావాలంటే ఇదే దారి. వేట చట్టాల్లో చూసే చిప్ప వెడల్పు వేరు, అందులో ముళ్లు కలుపుతారు. రెండూ కలగాపులగం చేయకండి.

తర్వాత ప్లియోపాడ్లను మొదట్లో కత్తిరించి గుడ్లన్నీ వెంట్రుకల నుంచి వేరు చేయండి. అందులోంచి సరిగ్గా 250 గుడ్లు లెక్కపెట్టి విడిగా పెట్టండి. రెండు భాగాలనూ 60 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టండి. ఒక రోజు తేడాతో తూచిన రెండు బరువులు ఒకటే వస్తే చాలు. 250 గుడ్ల బరువును 250తో భాగిస్తే ఒక గుడ్డు బరువు వస్తుంది. మొత్తం బరువును (ఆ 250 కూడా కలిపి) దాంతో భాగిస్తే సంఖ్య వస్తుంది.

తప్పులు వచ్చే చోట్లు: వెంట్రుకలు, విరిగిన ప్లియోపాడ్ ముక్కలు బరువులో కలిసిపోవడం; ఆ 250 గుడ్లను పొదుగు ఒకే అంచు నుంచి తీసుకోవడం; కళ్లున్న దశ గుడ్లను కొత్త గుడ్లతో పోల్చడం. మోసే కాలంలో గుడ్లు కొన్ని రాలుతూనే ఉంటాయి, ఒక్కో గుడ్డు బరువు కూడా మారుతుంది. ఒకే దశలో ఉన్న తల్లుల్నే పోల్చండి.

గుడ్ల చోట నున్నటి సంచి కనిపించింది. అదేంటి?

గుడ్లు కాదు, బ్రయరోసాకస్ అనే పరాన్నజీవి. రాళ్లకు, ఓడల అడుగుకు అంటుకునే బార్నకిల్స్ బంధువు. వేర్లలాంటి శాఖలతో పీత ఒళ్లంతా అల్లుకుని, సంతానోత్పత్తి భాగాన్ని మాత్రం ఉదరం కింద సంచిలా బయట పెడుతుంది. గుడ్లు విడివిడి గింజలుగా వెంట్రుకలకు అంటుకుని ఉంటాయి. ఇది ఒకే నున్నటి ముద్ద, ఒక కాడతో ఒంటికి అతుక్కుంటుంది. వేలితో తాకితే తేడా తెలిసిపోతుంది. సోకిన పీతకు పిల్లలు కలగరు. మగదానికి సోకితే ఉదరం ఆడదానిలా వెడల్పవుతుంది, ఆ సంచినే తన గుడ్లలా సాకుతుంది. బంగారు కింగ్ క్రాబ్‌లో ఉండే జాతికి 2016లో బ్రయరోసాకస్ ఆరేటమ్ అని, ఎర్ర, నీలి కింగ్ క్రాబ్‌లలో ఉండేదానికి బ్రయరోసాకస్ రెగాలిస్ అని పేర్లు పెట్టారు.

మొప్పల గదిలో గుడ్లు కనిపిస్తే అవి వేరే సంగతి: కేరోప్రాక్టస్ అనే చేప తన పొడవాటి గొట్టంతో అక్కడ పెట్టిపోయిన గుడ్లు. అవి మొప్పల్ని నొక్కి పాడు చేస్తాయి.

మగవాటినే ఎందుకు పడతారు? సీజన్ నిషేధం పెడితే చాలదా?

అలాస్కాలో వ్యాపార వేటకు మగవే, అవీ నిర్ణీత వెడల్పు దాటినవే: బ్రిస్టల్ బే ఎర్ర కింగ్ క్రాబ్‌కు 6.5 అంగుళాలు, అలూషియన్ బంగారు కింగ్ క్రాబ్‌కు 6 అంగుళాలు. మగది ఒకటి రెండు సార్లైనా జత కట్టే అవకాశం దొరికాకే వలకు చిక్కాలన్నది ఈ హద్దు వెనక ఆలోచన. ఎర్ర కింగ్ క్రాబ్‌కు జత కాలంలో వేట ఆపితే ప్రయోజనం ఉంటుంది. బంగారు కింగ్ క్రాబ్‌కు ఏ నెల మూసినా మిగతా నెలల్లో జత కట్టే ఆడవి ఉంటూనే ఉంటాయి. అక్కడ భారం అంతా పరిమాణ హద్దు మీద, కోటా మీద, వదిలేసిన ఆడవి బతకడం మీద పడుతుంది. అందుకే బోనుల్లో చిన్నవి బయటపడే రింగులు పెడతారు. పోయిన బోను ఏళ్ల తరబడి చంపకుండా, కొంతకాలానికి పుచ్చి తెరుచుకునే పత్తి దారంతో ఒక పక్క కుడతారు. డెక్ మీద గడ్డకట్టే గాలిలో ఆడదాన్ని ఎక్కువసేపు ఉంచితే కాళ్లు రాలతాయి, గుడ్లు చస్తాయి. తూకం సంగతి తర్వాత, ముందు ఆడదాన్ని వదలాలి.

కోలుకోవడం ఎంత కష్టమో బ్రిస్టల్ బే చూపించింది. 1980లో దాదాపు 13 కోట్ల పౌండ్ల ఎర్ర కింగ్ క్రాబ్ దిగింది. తర్వాతి ఏడాదే కుప్పకూలింది, 1983లో వేట మూసేశారు. నాలుగు దశాబ్దాల తర్వాత 2021, 2022 సీజన్లలో మళ్లీ మూయాల్సి వచ్చింది. ఇది ఏటా లక్షల గుడ్లు పెట్టే జాతి పరిస్థితి. 20 నెలలకు కొన్ని వేలు పెట్టేదాని సంగతి అంతకన్నా జాగ్రత్తగా చూడాలి.

భీమవరం చెరువుల్లో పెంచవచ్చా?

వీలు కాదు. బంగారు కింగ్ క్రాబ్ 3 నుంచి 5 డిగ్రీల నీటి జీవి. మన చెరువు నీళ్లు అర్ధరాత్రి కూడా దాన్ని బతకనివ్వవు. ఏడాది పొడవునా చిల్లర్ నడిపినా తల్లి ఏడాది మోయాలి, పిల్ల పక్వానికి ఏళ్లు పట్టాలి, పైగా పిల్లలు ఒకదాన్నొకటి తింటాయి. అలాస్కాలో 2006 నుంచి ఎర్ర, నీలి కింగ్ క్రాబ్‌ల హేచరీ పరిశోధన నడుస్తోంది. దాని ఉద్దేశం సముద్రంలో తగ్గిన గుంపులకు పిల్లల్ని చేర్చడం, చెరువులో అమ్మకపు సైజుకు పెంచడం కాదు. పెట్టుబడి మడ పీత మీద పెట్టండి, అది మన నీళ్లకు పుట్టింది.

హైదరాబాద్‌లో కొన్న కాళ్లు మగవా, ఆడవా? గుడ్లు ఎందుకు రావు?

అలాస్కా సరుకైతే మగవే. ఓడ దిగాక ఉడికించి, గడ్డకట్టించి, మూడు కాళ్లూ ఒక డెక్కా కలిసిన గుత్తులుగా ప్యాక్ చేస్తారు. ఉదరం అందులో ఉండదు. నార్వే సరుకులో ఆడవీ ఉండొచ్చు. అక్కడ ఎర్ర కింగ్ క్రాబ్ 1960లలో సోవియట్ శాస్త్రజ్ఞులు బేరెంట్స్ సముద్రంలో వదిలిన వలస జాతి, అందుకే ఆడవాటికీ కోటా ఉంది.

హైదరాబాద్‌లో ఉండి దీన్ని ఎలా చదవాలి?

పోలికతో మొదలుపెట్టండి. వానాకాలంలో గుడ్లున్న పొలం ఎండ్రకాయ, విశాఖ తీరం నుంచి తెచ్చిన హెర్మిట్ పీత, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ప్లియోపాడ్లు చూడండి. హెర్మిట్ పీతలో ఎడమ వైపు మాత్రమే ఉన్న ప్లియోపాడ్లు కింగ్ క్రాబ్ ఒంటి తీరును సగం చెప్పేస్తాయి. మంచినీటి పీతల నమూనాలకు అత్తాపూర్‌లోని జువలాజికల్ సర్వే ప్రాంతీయ కేంద్రం దగ్గరే ఉంది. లోతు నీళ్ల ఉష్ణోగ్రత గణాంకాలకు ప్రగతి నగర్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఉంది, సముద్రంలో మునిగి తేలుతూ ఉష్ణోగ్రత కొలిచే ఆర్గో తేలుడు యంత్రాల సమాచారం అక్కడ అందుబాటులో ఉంటుంది. అరేబియా సముద్రం, బంగాళాఖాతం వాలుల నుంచి తీసిన లోతు జీవుల మీద పని చేయాలంటే సాగర్ సంపద పరిశోధన ఓడను నడిపే కొచ్చిలోని సీఎంఎల్‌ఆర్‌ఈకి (సముద్ర జీవ వనరుల పరిశోధన కేంద్రానికి) రాయండి. రాసేటప్పుడు ఏ జాతి, ఏ లోతు, ఏ దశ గుడ్లు కావాలో ముందే తేల్చుకుని రాయండి.